గొంతులేని సీరియల్

ఆ లాండ్రీలో మనిషి మాట మనిషికి వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. ఒక పక్క ఉతికే మిషన్లు, ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, నడుమ ఇస్త్రీ చేసే వేడి రోలరు. ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. రోలర్లోంచి బయటికొచ్చిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని మడత పెట్టడం పొడుగక్కకీ ఉలకమ్మకీ పని. ఒకే కాడికి కట్టిన ఎడ్లు వాళ్ళిద్దరూ. ఒకరు అడుగేస్తే రెండోవారు వేయక తప్పదు. మడత పడ్డప్పుడల్లా ఇద్దరి ముఖాలూ దగ్గరికొస్తాయి. మాట్లాడుకోవడానికి దొరికే సందు అదొక్కటే. మడతకో మాట.

ఉలకమ్మ అసలు పేరు అది కాదు. మొగుడు చనిపోయిన ఏడాదే పనిలో చేరింది. ఉలకదు, పలకదు. దాంతో పనివాళ్ళే ఆ పేరు పెట్టారు. పిలిస్తే తల తిప్పి చూసేది, అంతే.

ఆమెచేత మొదటి మాట పలికించింది గోడమీది టీవీ. యజమాని ముచ్చటపడి తగిలించాడు గానీ, ఆ హోరులో దాని గొంతు ఎవరికి వినబడుతుంది? మధ్యాహ్నం సీరియల్లో బొమ్మలు ఊరికే నోళ్ళు ఆడిస్తుంటాయి. ఒకరోజు పొడుగక్క ఊరుకోలేక, తెరమీద కళ్ళు తుడుచుకుంటున్న పిల్ల తరఫున, "పాలు పొంగిపోయాయత్తా, తప్పయిపోయింది" అంది.

తర్వాతి మడతకి ఉలకమ్మ ముఖం దగ్గరికొచ్చింది. తెరమీది నెరిసిన జుట్టావిడ వైపు ఓరగా చూసి, "పాలు పొంగితే పొంగాయి గానీ, ముందు నీ పొగరు తగ్గించు" అంది.

పొడుగక్క చేతిలో దుప్పటి జారిపోయింది.

అప్పటినుంచి ఉలకమ్మ అత్త, పొడుగక్క కోడలు. తెరమీద తిరిగే మీసాలాయన కోడలి మొగుడు, పనికిమాలినవాడు. వయసులో పొడుగక్కే పెద్ద, అయినా "అత్తా" అనే పిలిచేది. రెండేళ్ళు నవ్వుతూ దెప్పుకుంటూ గడిపారు. సీరియల్ అయిపోయిందంటే మాత్రం ఉలకమ్మ నోటికి మళ్ళీ తాళం పడేది. సొంత మాట ఒక్కటి వస్తే ఒట్టు.

ఇప్పుడు పొడుగక్క పని మానేస్తోంది. మణికట్లు మొరాయిస్తున్నాయి. ఇంటి పక్కనే ఒక బడి వంటగదిలో చోటు దొరికింది. నెలాఖరుదాకా ఉండమని, మిగిలిన సెలవులు పూట పూటగా వాడుకోమని అన్నాడు యజమాని.

ఇన్నాళ్ళకి చిక్కిన తీరిక. పక్కింటి టీచరమ్మ దగ్గర ఒక నవల తెచ్చుకుంది. పడవ నడిపే ముసలాయన, ఆయనమీద అలిగి వెళ్ళిపోయిన కూతురు. అయిపోతుందన్న బెంగతో ఆఖరి నాలుగు పేజీలూ చదవకుండా దిండు కింద దాచుకుంది. మొగుణ్ణి సినిమాకి లాక్కుపోయింది. ఆయన చల్లటి హాల్లో గుర్రుపెట్టి నిద్రపోయి, బయటికొచ్చాక "ఫైటింగులు బాగున్నాయే" అన్నాడు. అందులో ఫైటింగే లేదు. ఇవన్నీ మర్నాడు మడతమడతకీ కాస్త కాస్త చెప్పేది. ఉలకమ్మ వినేది. పెదవి కొస కదిలేది. అంతకుమించి లేదు.

పొడుగక్కకి దిగులల్లా అదే. తను వెళ్ళిపోతే ఈ మనిషి మళ్ళీ రాయిలా అయిపోతుంది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆ సీరియల్ పెట్టింది, మొదటిసారి గొంతుతో. మతి పోయినంత పనైంది. నెరిసిన జుట్టావిడ అత్త కాదు, ఆ పిల్లకి పాటలు నేర్పే పంతులమ్మ. రెండేళ్ళుగా మొగుడని దుమ్మెత్తిపోసినవాడు తోడబుట్టిన అన్న!

మర్నాడు తెరమీద పిల్ల పెదాలు కదులుతుంటే నిన్న విన్న గొంతే చెవుల్లో మోగింది. తన మాట పుట్టలేదు. ఒక మడత ఖాళీగా పోయింది. రెండోదీ అంతే.

"ఏమే కోడలా, నాలుక పుట్టింట్లో మరిచొచ్చావా?" అంది ఉలకమ్మ.

"అత్తా... వాడు మొగుడు కాదు."

దుప్పటి మడత పడింది. మళ్ళీ ముఖాలు దగ్గరికొచ్చాయి.

"అన్నట."

"తెలుసు."

"నువ్వు అత్తవీ కాదు."

"తెలుసులే. పాటల పంతులమ్మని."

పొడుగక్క నిలబడిపోయింది. రోలరు ఎవరికోసం ఆగుతుంది? దుప్పట్లు కాళ్ళ దగ్గర కుప్పపడుతున్నాయి.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచీ. రాత్రి మళ్ళీ వేస్తారుగా. ఇంట్లో ఎవరున్నారు, వింటూ కూర్చుంటా."

"మరి చెప్పవేం మహాతల్లీ! పాపం ఆ అన్నగారిని పట్టుకుని ఎన్నేసి మాటలన్నాను!"

"చెబితే నువ్వు మానేస్తావుగా" అంది ఉలకమ్మ. "వాళ్ళు మాట్లాడితే నాకేంటి? నువ్వు మాట్లాడాలి గానీ."

పొడుగక్క కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చూసినా ఆవిరనుకుంటారు. "అయితే కాచుకో, అత్తా" అని దుప్పటి కొస అందుకుంది. ఆ పూట అన్నగారికి తిట్లు రెట్టింపు పడ్డాయి.

ఆఖరి రోజు సాయంత్రం మిషన్లు ఒక్కటొక్కటే ఆగాయి. ఆ నిశ్శబ్దంలో వాళ్ళిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. "వస్తా అత్తా" అంది పొడుగక్క. ఉలకమ్మ తల తిప్పి చూసింది, అంతే. అనుకున్నంతా అయిందని గుండె చివుక్కుమంది. సంచీ భుజాన వేసుకుని బస్సు స్టాపు దాకా వచ్చేసింది.

వెనక చెప్పుల చప్పుడు.

"అక్కా!"

ఉలకమ్మ. రొప్పుతోంది. తెర లేదు, అత్త లేదు. తన సొంత గొంతు, కాస్త బొంగురుగా.

"ఆదివారం నాడు వారం సీరియలంతా కలిపి వేస్తారు. మా ఇంటికి రా. గొంతు తీసేసి పెడతా."

"వస్తా గానీ, మీ ఇల్లెక్కడో నాకేం తెలుసు?"

"మార్కెట్టు దగ్గర దిగు. ఎదురుగా సైకిళ్ళ షాపు. అందులో ముసలాయన దారి చెబుతా రమ్మంటాడు, వినకు, ఆయనకి కుడేదో ఎడమేదో తెలీదు. పక్క సందులోకి తిరిగితే ఒక కుక్క మొరుగుతుంది. భయపడకు, దానికి పళ్ళు లేవు, మా ఆయన ఉన్నప్పుడు బిస్కెట్లు మరిగింది. తర్వాత నీలం తలుపు. అది మాది కాదు..."

బస్సొచ్చింది, వెళ్ళింది. ఇంకో బస్సూ వెళ్ళింది. దారి పొడుగక్కకి మొదటిసారికే అర్థమైంది. అయినా సంచీ కింద పెట్టి, "ఆగాగు, సైకిళ్ళ షాపు తర్వాత ఎటన్నావు?" అని అడిగింది.