ప్రాక్టీసు చావు

“మీరు చనిపోయారండీ” అంది కంటి ఆసుపత్రి కౌంటరులో కూర్చున్న అమ్మాయి.

నా వెనక ఎవరితోనో అంటోందేమోనని తిరిగి చూశాను. వెనక ఖాళీ కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

“ఎవరమ్మా చచ్చింది?”

“మీరేనండీ. మీ కార్డు నంబరు కొడితే ఎర్రగా వస్తోంది. నిన్న మరణం నమోదైందట.”

“అయ్యో, మరి నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదే!” అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అలవాటు కొద్దీ నోరు అనేసింది, అంతే. నేను పెద్దదాన్నే, చావు మాట వినని దాన్ని కాదు. కానీ నా చావు సంగతి నాకే ఎదురుగా కూర్చుని చెబితే ఒళ్లు జలదరించింది.

నేను దర్జీని. ఈ చేతులతో కుట్టని జాకెట్టు లేదు, వేయని కాజా లేదు. రెండు కళ్లలోనూ పొర కమ్మి, సూదిలో దారం ఎక్కించలేక మిషను మీద దుప్పటి కప్పేసి చాలా కాలమైంది. మనుషులు నాకు ఉతికి ఉతికి పలచబడ్డ పరదా అవతల ఉన్నట్టు కనిపిస్తారు. ఆపరేషన్ చేసే డాక్టరు ఈ ఊరికి నెలకొక్కసారే వస్తాడు. ఇవాళ ఆ రోజు. మధ్యాహ్నం భోజనాల లోపు నా కార్డు పచ్చగా మారకపోతే నా వంతు ఇంకొకరికి పోతుందని ఆ అమ్మాయి మెత్తగానే చెప్పింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చచ్చిన నాకు మాత్రం ఉన్న కళ్లు కూడా దక్కేలా లేవు.

“నిన్న మీ ఫోనుకి మెసేజ్ కూడా వచ్చి ఉంటుందే” అంది.

వచ్చింది. టింగుమంటే ఏదో చీరల దుకాణం వాళ్లదిలే అని ఊరుకున్నాను. ఫోను ఆ పిల్ల చేతికిచ్చాను. తను గొంతు తగ్గించి చదివింది. “మీ కుటుంబ సభ్యురాలి మృతికి మా ప్రగాఢ సానుభూతి.”

నా చావుకి నాకే సానుభూతి! నవ్వాలో ఏడవాలో తెలియక, “ఇంతకీ నన్ను చంపిందెవరో కూడా రాసుందా?” అని అడిగాను.

ఆమె స్క్రీను దగ్గరికి వంగింది. ఒక్క క్షణం తటపటాయించి, “సమాచారం ఇచ్చినవారు... కోడలు అని ఉందండీ” అంది.

నాకు ఉన్నది ఒక్కగానొక్క కోడలు. పైగా జనన మరణాల ఆఫీసులోనే గుమాస్తా. కౌంటరు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కోడలికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మావాడు బస్సు డ్రైవరు, స్టీరింగు పట్టుకుంటే ఫోను ఎత్తడు. ఆటో ఎక్కాను.

ఆటోలో కూర్చున్నంతసేపూ ఏడుపు ఒక పక్క, కోపం ఒక పక్క. అత్తలేని కోడలుత్తమురాలని పక్కింటావిడ దెప్పినప్పుడల్లా, “మా ఇంట్లో ఆ సామెత చెల్లదు” అని విర్రవీగేదాన్ని. నిజంగానే మేమిద్దరం అలా ఉండేవాళ్లం. తను కడుపుతో ఉన్నప్పుడు చూడాలి! గుమ్మడికాయంత పొట్ట వేసుకుని తను వంటింట్లోకి రాగానే నేను, “ఏం, మా గుమ్మడి లేచిందా?” అని అడిగేదాన్ని. “లేచింది, తన్నుతోంది, మీ పోలికే” అనేది. నెలలు నిండి, నొప్పులు వచ్చి, ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఊపిరే తీయలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మా కోడలు చెప్పింది, “ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు” అని. మేమెవరమూ ఎత్తలేదు. సెలవు అయ్యీ అవగానే ఆఫీసుకి వెళ్లిపోయింది. మునుపటిలాగే వండింది, నవ్వింది, నా మందులు నాకు గుర్తుచేసింది. గట్టి పిల్ల, మరిచిపోయింది అనుకున్నాను. ఆటోలో మాత్రం ఇంకో ఆలోచన పురుగులా తొలిచింది. మరిచిపోలేదేమో. ఆ దుఃఖమంతా లోపల పులిసి, నామీద పగై కూర్చుందేమో.

ఆ ఆఫీసులో పుట్టినవాళ్లకీ పోయినవాళ్లకీ ఒకటే క్యూ. పొత్తిళ్లలో పసిగుడ్డుతో ఒకాయన, ఆయన వెనకే తండ్రి చావు కాగితం తీసుకోవడానికి ముక్కు చీదుకుంటూ ఇంకొకాయన. నేల మీద అడ్డదిడ్డంగా వైర్లు, వాటి మీద కాలు తట్టుకోకుండా వేసిన అట్టముక్కలు. నేను తడుముకుంటూ లోపలికి వెళ్లాను.

కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్న రిజిస్ట్రారు గారు నన్ను గుర్తుపట్టి గబగబా లేచారు.

“రండి పెద్దమ్మా, కూర్చోండి. తప్పు మాదే, క్షమించాలి.”

“చచ్చినవాళ్లకి కుర్చీ ఎందుకు బాబూ? సంగతి చెప్పండి.”

ఆయన చెప్పారు. కొత్తగా కంప్యూటరు సిస్టమ్ పెట్టారు. నేర్పడానికి వచ్చిన ఇంజనీరు ఒక్కొక్కరినీ ఒక పుట్టుకా ఒక చావూ ఎక్కించి చూడమన్నాడు. నిజమైన మనిషి నంబరు ఇస్తే గానీ చావు పేజీ ముందుకు కదలదు. “ఇది ప్రాక్టీసే, ఎక్కడికీ పోదు, నోటికొచ్చిన నంబరు కొట్టేయండి” అన్నాడట. నిన్న అసలు సిస్టమ్ మొదలుపెట్టగానే ఆ ప్రాక్టీసువన్నీ, ఒక్కొక్కరివీ ఒక్కో మూటగా, అందులోకి వచ్చి పడ్డాయి.

“అదుగో, ఆ మూలాయన తన నంబరే కొట్టుకుని తనే పోయాడు. పొద్దున బ్యాంకు వాళ్లు ఫోను చేస్తే లబోదిబోమన్నాడు. ఈ పక్కావిడ ఇంటి ఓనరుని చంపింది.”

“ఆయన మా ఇంటి ముందుకొచ్చి బతికున్నానని అరుస్తున్నాడండీ” అంది ఆ పక్కావిడ దిగులుగా.

ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. “మరి ఇప్పుడేం చేస్తారు?” అన్నాను.

“ఎవరి మూట వాళ్లు రద్దు చేసుకోమని పొద్దున్నే పై ఆఫీసు నుంచి వచ్చింది. ఒక్క బటన్. అందరూ పొద్దున్నే తమ తమ చచ్చినవాళ్లని బతికించేసుకున్నారు. మీ కోడలొక్కతే...” ఆయన మాట మింగేశారు.

“ఒక్కతే?”

“ఇంకా నొక్కలేదమ్మా. నేనూ అడిగి అడిగి ఊరుకున్నాను.”

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చంపడం పొరపాటు అనుకుందాం. బతికించడానికి ఒక్క వేలు చాలు, ఆ వేలు కదలలేదు! నా ఆపరేషన్ ఇవాళేనని తనకి తెలుసు. నిన్న సాయంత్రం నా సంచి సర్దింది తనే.

తన బల్ల దగ్గరికి వెళ్లాను. మసకలో కూడా తెలిసింది, తల ఎత్తలేదు.

“ఏమ్మా, నేను బతకడం నీకిష్టం లేదా?” అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. క్యూలో వాళ్లందరూ ఇటు తిరిగారు.

“అత్తయ్యా!”

“ప్రాక్టీసుకి చంపడానికి నేనే దొరికానా? మీ అమ్మ కనబడలేదూ?”

అనకూడని మాట. అనేశాను.

“నాకు నోటికొచ్చిన నంబరు మీదొక్కటే” అంది తను. “మీ బీపీకి, మోకాళ్లకి, కళ్లకి ఎన్ని కౌంటర్లలో చెప్పాను! మా అమ్మది నాకు తెలియదు. నాది కూడా కార్డు చూసుకుంటే గానీ చెప్పలేను. ఆ ఇంజనీరు నోటికొచ్చింది కొట్టమంటే వేళ్లు మీదే కొట్టేశాయి.”

నా కోపం సగం అక్కడే జారిపోయింది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. “సరే. మరి నొక్కవేం? ఎవరి కోసం చూస్తున్నావు?”

తను చెయ్యి మెల్లగా స్క్రీనుకి అడ్డం పెట్టింది. చిన్నపిల్లలు తప్పు లెక్క దాచుకున్నట్టు. ఆ చెయ్యి పక్కకి తీసి, ముక్కు గాజుకి ఆనేంత దగ్గరగా మొహం పెట్టాను. అంత దగ్గరైతేనే నాకు అక్షరం ఆనుతుంది. పైన ఎర్రటి వరసలో నా పేరు. కింద పచ్చటి వరస ఇంకొకటి ఉంది. జననం. ఆడపిల్ల. తండ్రి చోట మావాడి పేరు. తల్లి చోట మా కోడలి పేరు. బిడ్డ పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను.

గుమ్మడి.

నా చావు వార్త కూడా నన్ను ఇంతగా కదపలేదు. మరిచిపోయిందనుకున్నానే! నాలుగు గోడల మధ్య నా ఎదురుగా తిరుగుతూ, నేను ఆటకి పెట్టిన ఆ పేరుని ఇన్నాళ్లూ ఒక్కతే మోస్తోంది.

“చనిపోయి పుట్టిన బిడ్డల పేజీ వేరే ఉంటుంది అత్తయ్యా” అంది. “అందులో పేరుకి గడి ఉండదు. రోజూ ఎవరో ఒకరిది నేనే నింపుతాను. మనదీ అలాగే పోయింది, పేరు లేకుండా. ఆ రోజు ప్రాక్టీసే కదా అని బతికి పుట్టిన పేజీ తెరిచాను. పేరు గడి తెరుచుకుంది.”

రిజిస్ట్రారు గారు కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని ఎటో చూస్తున్నారు.

“మీది రద్దు చేయడం తేలికే. ‘జీవించి ఉన్నారు’ అని కారణం పెడితే చాలు. కానీ మూటలో రెండింటికీ కారణం పెడితే గానీ బటన్ వెలగదు. దీనికి వాళ్లు రాసిపెట్టిన కారణాలు ఇవే.” వేలు పెట్టి చూపిస్తూ చదివింది. “రెండుసార్లు నమోదైంది. పొరపాటున నమోదైంది. అలాంటి వ్యక్తి లేరు.”

మూడోది చదివాక వేలు అక్కడే ఉండిపోయింది. పొద్దుటి నుంచీ ఆ మాటల్లో దేని మీదా నొక్కలేకే నన్ను చావనిచ్చింది.

నా ఫోను మోగింది. ఆసుపత్రి కౌంటరు అమ్మాయి. “లిస్టు లోపలికి పంపే టైమైందండీ. మీ కార్డు ఇంకా ఎర్రగానే ఉంది. ఏం చేయమంటారు?”

అది విని మా కోడలు ఉలిక్కిపడింది. “వస్తున్నామని చెప్పండత్తయ్యా, ఇప్పుడే నొక్కేస్తాను” అంటూ గబగబా మౌసు అందుకుంది. బాణం గుర్తు నా ముక్కు ముందే ‘అలాంటి వ్యక్తి లేరు’ మీదకి వెళ్లింది. నేను తన మణికట్టు పట్టుకున్నాను. అంత గట్టిగా ఎప్పుడూ ఎవరినీ పట్టుకోలేదు.

“నా వంతు ఇంకొకరికి ఇచ్చేయమ్మా” అన్నాను ఫోనులో. “వచ్చే నెల వస్తాను. నేనిక్కడ మా మనవరాలి పని మీద ఉన్నాను.”

“అత్తయ్యా, మీ కళ్లు...”

“నా కళ్లకేం, ఎక్కడికీ పోవు. నాలుగో కారణం ఏమీ లేదా అందులో?”

“ఇతరములు అని ఉంది. అది పెడితే కారణం మన మాటల్లో మనమే రాయాలి. ఏం రాయాలో నాకు తెలియలేదు.”

“నాకు తెలుసు. రాయి.”

తను కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. నేను ఒక్కో మాటా చెప్పాను, జాకెట్టు కొలతలు చెప్పినట్టు, తొందర లేకుండా.

“ఈ బిడ్డ ఉండింది. తన్నేది. మేము మాట్లాడితే వినేది. నెలలు నిండి పుట్టింది, ఊపిరి తీయలేదు. ఇంట్లో అందరం గుమ్మడి అని పిలిచేవాళ్లం.”

సగంలోనే తను ఏడవడం మొదలుపెట్టింది. నోరు మూసుకోకుండా, క్యూలో జనం చూస్తున్నారని కూడా లేకుండా, గట్టిగా. ఏడుస్తూనే కొట్టింది. ఒక్క అక్షరం కూడా వదల్లేదు.

“చెప్పింది నాయనమ్మ అని పెట్టు” అన్నాను.

పెట్టింది. రిజిస్ట్రారు గారు వెనక నుంచి వంగి, మొత్తం చదివి, తల ఊపారు.

ఆ తర్వాతే నన్ను బతికించింది.