గడ్డం ఎత్తిన పిల్ల

కూతురు సుమిరె ఎడమ కంటి మీద మెత్తని కాగితం మడిచిపెట్టి టేపు అంటించింది ఇకుమి. మూడేళ్ళు నిండిన పిల్లల చూపును ఇంట్లోనే పరీక్షించి రాసి పంపమని మునిసిపల్ ఆఫీసు నుంచి కవరు వచ్చి వారమైంది. తల్లే చేయాలని అందులో ఎక్కడా లేదు, ఇంటివారు అని ఉంది. ఇంటివారంటే ఎవరో అందరికీ తెలుసు.

రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి, ఒక పక్క తెగిన గుండ్రటి గీత ఉన్న అట్ట చూపించింది. తన చేతిలోని అట్ట రింగు సందును సుమిరె సరిగ్గా ఆ తెగిన వైపుకే తిప్పింది.

"అన్నీ చెబుతోంది కదా! 'కనబడుతుంది' దగ్గర సున్నా చుట్టి పడెయ్యరాదూ? ఆకలేస్తోంది," అన్నాడు మొగుడు తెత్సురో, ఫోనులోంచి తల ఎత్తకుండా.

అప్పుడే సుమిరె గడ్డం పైకెత్తింది. ఆ గడ్డం ఎందుకు లేస్తుందో ఇకుమికి తెలుసు.

మాత్సుమొతోలో పుట్టింటి వంటగది, మిసో పులుసు వాసన, అమ్మ నీలం ఏప్రన్. ఇలాగే అట్ట పట్టుకుని నవ్వుతూ నిలబడిన అమ్మ చేత శభాష్ అనిపించుకోవాలని, మూడేళ్ళ ఇకుమి గడ్డం ఎత్తి కాగితం కిందినుంచి మంచి కంటితో తొంగి చూసింది. కుడి కంటికి చూపు లేదని బడిలో చేరాకే బయటపడింది. "కంటికి జబ్బేం లేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ కంటికి పవరు ఎక్కువ. మసక బొమ్మతో ఎందుకీ గొడవని మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. పని చెప్పకపోతే కన్ను చూడ్డం నేర్చుకోదు. మూడేళ్ళప్పుడే తెలిసుంటే..." మిగతాది నాన్న పూర్తి చేశాడు: "ఇంట్లోనే కూర్చుంటావు, పిల్ల కన్ను చూసుకోవడం కూడా చేతకాలేదా?" అమ్మ కూర్చోవడం ఇకుమి ఎన్నడూ చూడలేదు, ఆ ఒక్క మంచి కంటితోనైనా.

రెండేళ్ళు రోజూ మంచి కంటికి పట్టీ. ప్రతి పట్టీ మీదా అమ్మ కుందేలు బొమ్మ గీసేది. దాన్ని పెట్టుకుని అమ్మ కాళ్ళ దగ్గర బఠాణీలు ఒలిచిన ఆ సాయంత్రాలు ఇకుమికి ఇప్పటికీ గుర్తు. కన్ను మాత్రం సగమే దారికొచ్చింది.

ఈసారి ఇకుమి కూతురి కంటి చుట్టూ సందు లేకుండా టేపు వేసింది. సుమిరె రింగును ఎటో తిప్పింది, మళ్ళీ ఎటో తిప్పింది, చివరికి "తీసెయ్యమ్మా!" అని ఏడ్చింది.

"రోజంతా దాని పక్కనే ఉంటావు, నీకెలా తెలియలేదు?" అన్నాడు తెత్సురో.

ఇకుమి పిల్లను ఒళ్ళో వేసుకుని అమ్మకు ఫోను చేసింది. "అమ్మా, ఆ రోజు నేను కిందినుంచి తొంగి చూశాను. తప్పు నీది కాదు."

అవతల అమ్మ కుళాయి కట్టేసిన చప్పుడు.

"తెలుసు తల్లీ. నీ గడ్డం లేవడం చూశాను. మళ్ళీ అంటిద్దామనుకున్నాను. అంతలో మీ నాన్నమ్మ టీ అడిగింది."

ఇకుమి ఫోను పెట్టేసి, 'కనబడలేదు' దగ్గర సున్నా చుట్టింది.

"రేపు సెలవు పెట్టు. కంటి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం. పట్టీ అంటించడం నువ్వూ నేర్చుకోవాలి."

"సరేలే. మరి భోజనం?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి," అంది ఇకుమి, రెండో కంటికి కాగితం మడుస్తూ.