ఆరో గొట్టం

అరిగిపోయిన సబ్బు ముక్క కోసం ఆ పొద్దున ఇల్లంతా లేచి కూర్చుంది.

"మొన్ననే గదనే కొత్తది తెచ్చింది! రుద్దుతున్నవా, మింగుతున్నవా?" వాకిట్లోంచి అరిచింది లసుమవ్వ.

నీళ్ల తొట్టి దగ్గర తడిక చాటున కూర్చున్న కోడలు గంగమణి రుద్దుతూనే ఉంది. ముంజేతుల మీద సబ్బు నురగ ఎర్రబారింది. పసుపంటిన చేతికి సబ్బు తగిలితే ఎర్రనవుతుందని పసుపు మండిలో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ ముక్కనే ఆమె పొట్ట మీద రుద్దింది. నురగ తెల్లగానే ఉంది. కడిగేశాక కింద చర్మం మాత్రం పచ్చగా, రుద్దకముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"చూడత్తా, చేతులది పసుపు. కడుపుది పసుపు గాదు."

"ఇరవయ్యేండ్లు పసుపుల పొర్లినదానివి, పచ్చగ గాక నల్లగుంటవా? సబ్బు ఆడ వెట్టు."

మంచం మీద కూర్చుని తలపాగా చుట్టుకుంటున్న ఆమె మొగుడు దేవిదాస్ విసుక్కున్నాడు. "సబ్బు లొల్లి బంద్ జేయుండ్రి. మాపటికి గంగాదాస్ తాత వస్తుండు. ఇంకొక్క వాత వెడితే కామెర్లు మొదలంట పోతయన్నడు."

గంగమణి ఎడమ మణికట్టు చూపించింది. అక్కడ గవ్వల్లాంటి మచ్చలు రెండున్నాయి. "రెండు వెట్టిండు గద. పోయినయా?"

"మరి నీ దవాఖాన గోలీలు? రెండు నెల్లాయె మింగవట్టి. పోయినయా?"

దానికి జవాబు ఈ మధ్యాహ్నం రక్తపరీక్షలో దొరకాలి. పరీక్షలో రోగం లెక్క దిగితే గోలీలు పనిచేస్తున్నట్టు, దిగకపోతే పట్నం పోయి కడుపు కోయించుకోవాలని డాక్టరు ముందే చెప్పాడు.

ఆలూరు నుంచి పద్నాలుగో ఏట కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆర్మూరు మండిలో పసుపు ఏరుతోంది. కుప్ప ముందు గొంతుక్కూర్చుని పొడుగు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి దుంపలు ఒక పక్కకు, పుచ్చినవి వెనక్కి వేస్తుంది. అనుమానం వచ్చిన కొమ్మును రెండు వేళ్లతో విరిచి లోపలి రంగు చూస్తుంది. పైకి బంగారంలా ఉన్నా లోపల పాలిపోయిన కొమ్మును ఆమె కన్ను దాటించడం ఎవరి తరమూ కాదు. సేట్లు ఆమె మాట మీద ధర కడతారు, ఆమె పేరు మాత్రం వాళ్లకు తెలియదు.

ఏడాదిగా తట్ట ఎత్తితే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మూత్రం టీ డికాక్షన్‌లా పోతోంది. ఆమె కళ్లు పచ్చబడ్డ సంగతి మండిలో ఎవరూ పట్టించుకోలేదు. అందరి ఒళ్లూ పచ్చనివే మరి.

"పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నవే!" అంది ఆ పొద్దున పక్క కుప్ప దగ్గరి ఆడమనిషి.

"మెల్లగనే! మీ ఆయన వింటె సంబంధం మాట్లాడ వస్తడు," అంది గంగమణి.

నవ్వులు లేచాయి. ఆ నవ్వుకే ఆమెకు ఆయాసం వచ్చింది.

మధ్యాహ్నం ఆమె మిషన్ దవాఖానకు నడిచింది. రక్తం పరీక్షించే లిదియా చిన్నది, పాతికేళ్లుంటాయి. హైదరాబాదు నుంచి మంచు పెట్టిన ఫ్లాస్కులో బస్సు మీద వచ్చిన, రోగాన్ని పట్టిచ్చే సీరం మందు సీసా ఆమె ముందుంది. రక్తం తీసి, ఉప్పునీళ్లు కలిపి, చేత్తో తిప్పే యంత్రంలో గిరగిరా తిప్పింది. ఎర్రకణాలు అడుక్కి చేరాయి. పైనీళ్లు ఒంపేసి మళ్లీ ఉప్పునీళ్లు పోసి తిప్పింది. అట్లా మూడుసార్లు చేసింది.

"చాలు తియ్ లిదియమ్మా, నీ చెయ్యి గుంజుతది."

"ఇంకొకపాలి గంగమణక్కా. సరిగ్గ కడగకుంటె రోగమున్నా లేనట్టే కనవడ్తది. నిన్ను మోసం జేసినట్టయితది."

నాలుగోసారి కూడా తిప్పింది. తర్వాత ఎనిమిది గాజు గొట్టాల్లో సీరం పోసింది. ఒకదానికంటే ఒకటి సగం పలుచన. ఒక్కోదాంట్లో ఆ కణాలను చుక్క చుక్కగా వేసింది.

"నీ ఎర్రకణాల మీద ఏదో అంటుకుందక్కా. బయటిది గాదు, నీ ఒళ్లే తయారుజేసి పూస్తున్నది. గట్ల పూసినవాటిని ఎడమ డొక్కల ఉన్న తిల్లి, గదే ప్లీహం, వట్టి చంపుతది. చచ్చిన కణాలల్ల నుంచి వచ్చే పచ్చనే నీ ఒంటికెక్కింది. ఎంత పలుచటి సీరంల గూడ కణాలు గడ్డగడితె పూత అంత మందమున్నట్టు."

గోలీలు మొదలుపెట్టిన రోజు ఆరో గొట్టం దాకా గడ్డలు కట్టాయి. పోయిన నెలా ఆరే. ఈసారి లిదియా గొట్టాలను కిటికీ వెలుగులో వంచి చూసింది. గంగమణి చెయ్యి చాచింది.

"ఇయ్యి, నేను జూస్త."

ఏడో గొట్టంలో ఎరుపు పలచగా, నున్నగా జారింది. ఆరో దాంట్లో రవ్వలు రవ్వలుగా విరిగింది. లోపలి రంగు చూడటం ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

"దిగలే," అంది తనే. "తిల్లి తీసేస్తె బతుకుతనా?"

"మస్తుమంది బతికిండ్రు. అందరు గాదు."

"వాత వెట్టుకుంటె?"

లిదియా తల అడ్డంగా ఊపింది. డాక్టరు పట్నం దవాఖానకు కాగితం రాసిచ్చాడు. దాన్ని మడిచి కొంగున ముడేసుకుని గంగమణి మళ్లీ కుప్ప దగ్గరికే పోయింది. పొద్దు వాలేదాకా ఏరింది. ఒక్క పుచ్చు కొమ్మునూ పోనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి గంగాదాస్ పీట మీద కూర్చున్నాడు. పొయ్యిలో సన్నటి ఇనుప చువ్వ కాలుతోంది. తిన్నాకే వాత పెట్టడం ఆయన పద్ధతి. అందరూ కూర్చున్నారు. లసుమవ్వ కోడలి పళ్లెంలో పత్యమని చప్పిడి అన్నం పెట్టింది. గంగమణి ఆ పళ్లెం పక్కకు జరిపి, ఇంకో దాంట్లో పచ్చిపులుసు పోసుకుని కలుపుకుంది.

"పత్యం దప్పుతవానే?"

"రేపు పొద్దుగాల బస్సుకు పట్నం వోతున్న. తిల్లి తీపిచ్చుకుంట."

దేవిదాస్ చేతిలో ముద్ద ఆగింది. "కడుపు కోయిపిచ్చుకుంటదట!" నెత్తి కొట్టుకుంది లసుమవ్వ.

"నా వాతకు లొంగని కామెర్లు లేవు బిడ్డా," అన్నాడు గంగాదాస్, మెత్తగానే.

"నీ వాత కామెర్లకు తాతా. నాయి కామెర్లు గావు. నా ఒంటి పచ్చ ఏందో నాకెర్క. ఇంక నా చెయ్యి ఎవరికియ్య."

"ఒక్కదానివే పోతవా?" అని దేవిదాస్ అడిగాడు.

"వస్తె రా. రాకున్నా పోత."

దేవిదాస్ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు.

గంగాదాస్ చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, వెళ్లిపోయాడు. పొయ్యిలో ఆయన వదిలేసిన చువ్వ కొన ఎరుపు తగ్గి, తగ్గి, నల్లబడింది.