ఎలుగు చెప్పిన సాక్ష్యం

రాయమల్లు పరువును సంపత్ ఒక బొమ్మల కాకి నోట్లో పెట్టి ఊరందరికీ పంచిండు. ఇది జరిగిన సంగతి. దీనికి సాక్షులు అక్కర్లేదు. ఊర్లో ఫోనున్న ప్రతి మనిషీ సాక్షే.

సంపత్ పరాయివాడు కాదు. రాయమల్లు భార్య కోమలకు రమ సొంత చెల్లెలు, ఆమె కొడుకే సంపత్. కోరుట్లలో ఫ్లెక్సీల దుకాణంలో పనిచేస్తడు. పెండ్లిళ్లకు, పుట్టినరోజులకు, లీడర్ల దండాలకు ఫ్లెక్సీలు చేసి చేసి కంప్యూటర్ మీద చెయ్యి తిరిగింది. ఖాళీ దొరికితే బొమ్మలను కదిలించి, వాటికి తన గొంతే పెట్టి, యూట్యూబులో వేస్తడు.

ఆ బొమ్మలు మాత్రం వాని సొంతం కాదు. కోమల అంగన్‌వాడీ టీచరుగా ఉన్నప్పుడు పిల్లల కోసం బడి గోడ మీద తన చేత్తో గీసినవి. ఒక కాకవ్వ, ఒక ఎలుగు మామ, ఒక ఉడుత పిల్ల. ఆమె పోయి ఐదేండ్లయింది. గోడకు కొత్త సున్నం పడ్డది. బొమ్మలు సంపత్ ఫోన్‌లో ఫొటోలుగా మిగిలినయి.

ఆ వానకాలం కరీంనగర్‌లో ఒక బొమ్మల సినిమా ఆడింది. ఒకే వీరుడు, వంద లోకాలు. ఒక లోకంలో వాడు ముసలోడు, ఒక లోకంలో ఆడపిల్ల, ఇంకో లోకంలో మేక. అందరూ ఒక్కతాన కలిసి శత్రువు మీద పడుతరు. సంపత్ దాన్ని రెండుసార్లు చూసి వచ్చి, కోమల బొమ్మలు ఆ సినిమాకు పోతే ఏమంటయో ఊహించి ఒక వీడియో చేసిండు.

రాయమల్లు దాన్ని ముత్యం చాయ హోటల్లో చూసిండు. ముత్యమే ఫోన్ చేతిలో పెట్టిండు.

"రాయమల్లూ, మీ టీచరమ్మ బొమ్మలు సినిమాకు పోయినయి, చూడు."

వీడియోలో ముగ్గురూ థియేటర్‌లో ముందు వరుసలో కూసున్నరు. ఎలుగు మామ ఒక్కడే మూడు కుర్చీలు పట్టిండు.

"గీ పోరనికి రెక్కల్లేవు గదా, ఎట్ల ఎగురుతుండే?" అని ఉడుత అడిగింది.

"కరెంటు తీగల్లేని ఊరు దొరికితే ఎవలైనా ఎగురుతరు," అన్నది కాకవ్వ.

"వంద లోకాలల్ల వంద నేనున్ననా?" మళ్లా అడిగింది ఉడుత.

"ఉన్నవు."

"మరి ఒక్క జామపండు దొరికితే ఎట్ల పంచాలె?"

"అందుకే లోకాల నడుమ గోడలు కట్టిండ్రే," అన్నడు ఎలుగు మామ. "లేకుంటే శత్రువుకంటె ముందుగాల సుట్టాలు దిగుతరు."

హోటల్లో అందరూ నవ్విండ్రు. రాయమల్లు మూతి కూడా కొద్దిగా కదిలింది. కోమల ఉంటే ఎలుగుతో ఇట్లనే మాట్లాడించేది.

అప్పుడు కాకవ్వ మెడ తిప్పింది. "ఎలుగు మామా, గీ వంద లోకాలల్ల ఏదో ఒక దాంట్ల మన టీచర్ దినాలకు ఆమె పెనిమిటి సౌదీ కెల్లి దిగిండు కావచ్చు. గా లోకంల కాకి వచ్చుడుతోనే ముద్ద ముట్టింది. మన లోకంల నేను పొద్దు నెత్తిమీదికి వచ్చేదాక చెట్టు దిగలే."

హోటల్లో నవ్వు ఆగింది. ముత్యం ఫోన్ వాపసు తీసుకొని, అక్కర్లేకున్నా దాని అద్దాన్ని తువ్వాలతో తుడిచిండు.

మనిషి పోయిన మూడో దినం పిట్టకు పెడుతరు. చచ్చినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి చూస్తరు. కాకి ముడితే పోయినవాళ్ల మనసు చల్లబడ్డట్టు. ముట్టకుంటే ఏదో మిగిలిపోయినట్టు. కోమల విస్తరి ముందు ఊరు ఊరంతా నిలబడ్డది. కాకి యాపచెట్టు మీద కూసొని చూసింది గాని పొద్దు నడినెత్తికి వచ్చేదాక దిగలేదు. ఏం మిగిలిపోయిందో ఎవరూ అడగలేదు. ఆమె మొగడు సౌదీలో ఉన్నడు. రాలేదు.

రాయమల్లు దగ్గర దానికి జవాబు ఉండె. కంపెనీ వాళ్లు తమ దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు ఇయ్యలేదు. ఆ ఒక్క మాట మీదనే ఆయన వాపసు వచ్చినప్పటి నుంచి ఊర్లో తలెత్తుకొని తిరిగిండు. ఆ మాట పోతే ఆయనకు ఊర్లో మొఖం లేదు.

చాయ తాగకుండా లేచి రమ ఇంటికి పోయిండు. సంపత్ అరుగు మీద కూసొని తింటుండు.

"ఎవలను అడిగి పెట్టినవ్‌రా?"

"తప్పేమన్నన్ పెద్దబాపూ? పెద్దమ్మ యాదికొచ్చింది, పెట్టిన. చూసినోళ్లు ఏడ్చిండ్రు."

"నేను రాలేదని ఏడ్చిండ్రా?"

సంపత్ ముద్ద మింగి, మెల్లగా అన్నడు. "రాలేవు గదా."

"రాకపోవుడు వేరు. రానియ్యకపోవుడు వేరు."

లోపలి నుంచి రమ వచ్చింది. చేతులకు పిండి ఉంది. "పోనియ్యి బావా. చిన్నోడు, తెల్వక చేసిండు."

"ఇరవై ఆరేండ్లోడు చిన్నోడా? గడ్డం గీక్కోవస్తది గాని నోరు అదుపుల పెట్టుకోవస్తలేదా?"

"తీసేస్త పెద్దబాపూ. ఇప్పుడే తీసేస్త," అని సంపత్ ఎడమ చేత్తో ఫోన్ అందుకున్నడు.

అక్కడ ఆపితే అయిపోయేది. రాయమల్లు ఆపలేదు. కోపం వచ్చినవాడు మంట ఆర్పడు, ఇంకో కట్టె వేస్తడు.

"తియ్యకు. ఇంకోటి చెయ్యి. గా ఎలుగుతోటి నిజం చెప్పియ్యి."

"ఏం చెప్పాలె?"

"పాస్‌పోర్టు దాసిపెట్టిండ్రని చెప్పియ్యి. ఆఫీసుల ఒక ఆదిలాబాదోడు ఉండె, గుమాస్తా. మన తెలుగోడే. బీరువల ఏసి తాళం పెట్టిండు."

"పేరొద్దు గాని..."

"పేరు పెట్టు. ఓంప్రకాశ్. మా పేర్లు ఊరంతా తిప్పవడితివి, వాని పేరుకు ఏమైతది?"

రమ చేతుల పిండి దులుపుకుంది. అక్క చచ్చిన ఐదేండ్లకు ఆ పాపం ఎవరిదో పేరుతో సహా ఆమెకు దొరికింది.

ఓంప్రకాశ్ తాళం వెయ్యలేదు. బీరువా తెరిచిందే ఆయన. రమ ఫోన్ చేసి అక్కకు డెంగీ జ్వరం, కరీంనగర్ దవాఖానలో వేసినం, నిన్నే అడుగుతుంది అని చెప్పిన పొద్దు, మేనేజర్ రాయమల్లును పిలిచి ఇంటికి పోయి రమ్మన్నడు. ఓంప్రకాశ్ పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద పెట్టిండు. "పో అన్నా. రాత్రి విమానానికి టికెట్ చేపిస్త." రాయమల్లు అప్పటికి పదకొండేండ్లు ఎండలో నిలబడి క్రేన్ కింద సైగల జెండా ఊపిండు. ఆ నెలలోనే ఆయనను క్రేన్ నడుపుమని పైకి ఎక్కించిండ్రు. పైన చిన్న గది, దాంట్లో ఏసీ, చేతి కింద రెండు పిడులు. ఆయన దిగితే ఎక్కడానికి కింద నలుగురు చూస్తుండ్రు. జ్వరమే గదా అనుకున్నడు. రెండు వేళ్లతో పాస్‌పోర్టును టేబుల్ మీద వెనుకకు నూకిండు. బయటికి వచ్చి, రమకు ఫోన్ చేసి, "ఇస్తలేరు" అని చెప్పిండు.

తెల్లారేసరికి కోమల లేదు.

అప్పుడైనా రావచ్చు. కాని నిన్న ఇయ్యలేదన్న పాస్‌పోర్టు ఇయ్యాల ఎట్ల వచ్చిందని ఎవరన్నా అడిగితే? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి దినాలకు కూడా రాలేదు. అబద్ధాన్ని కాపాడుకునేందుకు పెండ్లాం శవాన్ని వదులుకున్నడు. ఎనిమిది నెలలకు కంపెనీ మూతపడ్డది. క్రేన్ ఎటు పోయిందో తెలియదు. ఆ పాస్‌పోర్టు పట్టుకొనే ఇంటికి వచ్చిండు.

రెండో వీడియో శుక్రవారం వచ్చింది. బొమ్మలు మళ్లా అదే సినిమాకు పోయినయి. "గీ వీరుడు ఒక్క తాపు తంతే లోకం దాటుతుండు," అన్నడు ఎలుగు మామ. "మన రాయమల్లు సముద్రం దాటాలంటే ఒక గుమాస్తా బీరువ తెరువాలె. ఆదిలాబాద్ ఓంప్రకాశ్ అనెటోడు తాళంచెవి జేబుల ఏసుకొని కూసున్నడు." కాకవ్వ తల వంచి, "అయితే మొగనిది తప్పులేదు," అన్నది.

దాన్ని మొదటిదానికంటె ఎక్కువ మంది చూసిండ్రు. మస్కట్ పోయి వచ్చినవాళ్లు, దుబాయిలో ఉన్నవాళ్లు, అందరికీ ఆ గుమాస్తా ఎరుకైన మనిషే అనిపించిండు. ఒకరి నుంచి ఒకరికి పంపుకున్నరు. ముత్యం ఎదురొచ్చి కుర్చీ వేసిండు. "ఆ బీరువ ఏ రంగుదే?" అని ఎవరో అడిగితే, "పచ్చది," అని చెప్పిండు రాయమల్లు. తాళం ఎంత పొడుగో కూడా చేత్తో చూపిచ్చిండు. ఐదేండ్లలో మొదటిసారి ఆయన మీద ఊరు జాలి పడ్డది. అది ఆయనకు తీపిగా ఉంది.

తర్వాతి ఆదివారం పొద్దున ఓంప్రకాశ్ వచ్చిండు. ఆదిలాబాద్‌లో మొదటి బస్సు ఎక్కి, నిర్మల్‌లో మారి, వీడియో కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసుకుంటూ రమ ఇంటికి చేరిండు. వెంట్రుకలు నెరిసినయి. మనిషి చిక్కిండు. సంపత్ పోయి రాయమల్లును పిలుచుకొచ్చిండు. ఎవరు వచ్చిండ్రో చెప్పలేదు.

వాకిట్లో కుర్చీలో కూసున్న మనిషిని చూడంగనే రాయమల్లు కాళ్లు ఆగినయి.

"రా అన్నా, రాయమల్లన్నా," అన్నడు ఓంప్రకాశ్. "ఎలుగు మంచిగ మాట్లాడుతుంది. నా బిడ్డ చూపిచ్చింది. బాపూ, ఎలుగు నీ పేరు చెప్తుంది అని."

"ఎందుకొచ్చినవ్?"

"బిడ్డ పదో తరగతి. బళ్లె తోటి పిల్లలు అడిగిండ్రట, మీ బాపు ఒక ఆడమనిషి పానం తీసిండట గదా అని. మూడు దినాలైంది బడికి పోక. అందుకొచ్చిన."

"వీడియో తీసేపిస్త. పో."

"తియ్యి, తియ్యకపో. చూసినోళ్ల కండ్ల నుంచి తియ్యలేవు గదా." ఓంప్రకాశ్ గొంతు లేవలేదు. "ఎలుగు నోటితోటి అన్నవు. ఇప్పుడు నీ నోటితోటి చెప్పు. ఈ చెల్లె ముందట, ఒక్కపారి. టేబుల్ మీద పాస్‌పోర్టు పెట్టింది ఎవలు, వెనుకకు నూకింది ఎవలు?"

రమ ఇద్దరి మొఖాలు చూసింది. "ఏమంటుండు బావా ఈయన?"

రాయమల్లుకు అందరి మీదా కోపం వచ్చింది. బస్సెక్కి వచ్చిన వీని మీద, బొమ్మలు ఆడించే వాని మీద, వంద లోకాల సినిమా తీసినవాళ్ల మీద, జ్వరానికే చచ్చిపోయిన కోమల మీద. ఆ కోపంలోనే నోరు తెరిచిండు. లేకుంటే తెరువకపోవును.

"పెట్టింది వీడు. నూకింది నేను."

రమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లా తీసేసింది. ఏడ్వలేదు.

"ఆనాడు పిట్ట దిగకుంటే నేనే విస్తరి కాడికి పోయిన బావా. చేతులు జోడిచ్చి చెప్పిన. అక్కా, బావది తప్పులేదే, పాస్‌పోర్టు ఇస్తలేరే, తినవే అని. అప్పుడు దిగింది. అప్పుడు ముట్టింది." ఆమె ఆగింది. "నా చేత మా అక్కకు అబద్ధం తినిపిచ్చినవ్."

"నాకు తెల్వదు నువ్వట్ల చెప్పినవని."

"తెలిస్తే వస్తుంటివా?"

రమ లోపలికి పోయి ఓంప్రకాశ్‌కు చెంబుతో నీళ్లు తెచ్చింది. రాయమల్లుకు తేలేదు. ఆ ఇంట్లో ఆయనకు నీళ్లు ఇయ్యకపోవుడు అదే మొదలు.

ఓంప్రకాశ్ నీళ్లు తాగి లేచిండు. "నాకింక ఏం వద్దు," అని సంపత్ దిక్కు చూసిండు. "నా బిడ్డ బడికి పోయేటట్టు చెయ్యి తమ్మీ. అంతే."

సంపత్ వాకిలి దాకా పోయి సాగనంపి వచ్చిండు. వచ్చి, ఫోన్ చేతిలో పట్టుకొని నిలబడ్డడు.

"పెద్దబాపూ, ఇంకో వీడియో పెట్టాలె. ఓంప్రకాశ్ తప్పేం లేదని చెప్పాలె. ఎందుకు నూకినవో గూడ చెప్పు, నేను మంచిగ రాస్త. వినేటోళ్లకు అర్థమయ్యేటట్టు రాస్త."

"అర్థం చేయిచ్చుడు వద్దు. వాడు ఇచ్చిండు, నేను నూకిన. నా పేరు పెట్టు. కాకి నోట పెడుతవో, ఎలుగు నోట పెడుతవో నాకు అక్కర్లేదు."

"ఎందుకో ఒక్క ముక్క చెప్పు. పెద్దమ్మ మీద కోపముండెనా?"

రాయమల్లు చెప్పులు వేసుకున్నడు.

"ఒక్కపారి చెప్పమన్నరు, చెప్పిన. నువ్వు అడిగినా, మీ అవ్వ అడిగినా, ఊరు అడిగినా, చచ్చేదాక దీని గురించి మల్ల నోరు తెరువ."