కదలని మనిషి

టిక్కెట్టును చింపే ముందు సారంగపాణి దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత దాన్ని తెచ్చిన కుర్రాడి మొహం చూశాడు. మళ్లీ టిక్కెట్టు చూశాడు.

"అంకుల్, అది టిక్కెట్టే. బాంబు కాదు" అన్నాడు కుర్రాడు వచ్చీరాని తెలుగులో. వెనకున్న స్నేహితులు గొల్లున నవ్వారు.

సారంగపాణి నవ్వలేదు. నిన్నటి తేదీ కనపడకుండా టిక్కెట్టు మీద పాన్ మరక చేసి తెచ్చినవాళ్లనూ, ఒకడు లోపలికెళ్లి బాత్రూం కిటికీలోంచి మిగతావాళ్లను లాక్కున్న గుంపులనూ చూసిన కళ్లవి. సగం చింపి చేతిలో పెట్టి, "పో" అన్నాడు.

హన్మకొండలో ఆ థియేటర్ గేటు దగ్గర అతను మొదటిసారి నిలబడ్డప్పుడు జుట్టంతా నల్లగా ఉండేది. ఇప్పుడు మనిషి సన్నబడ్డాడు. ఎవరి జేబులోకో తొంగి చూస్తున్నట్టు మెడ కాస్త ముందుకు సాగింది. టిక్కెట్లు చింపడానికని కుడి బొటనవేలి గోరు పెంచుకున్నాడు. అతని ఒంటి మీద శ్రద్ధగా చూసుకునేది అదొక్కటే.

తండ్రి మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం సైరన్ మోగాక కార్మికులు వరసగా చేతులెత్తి నిలబడితే, కాపలావాడు నడుము నుంచి మడమల దాకా తడిమి ఒక్కొక్కరినే వదిలేవాడు. నూలు కండె ఒక్కటి కూడా బయటికి పోకూడదని. ఆ వరసను చిన్నప్పుడు చూసిన సారంగపాణికి తండ్రి ఎత్తిన చేతుల కంటే తడిమిన చేతులే బాగా గుర్తుండిపోయాయి. ఈ ఉద్యోగం దొరికిన రోజున తాను గేటుకు అవతలి వైపు చేరానని సంబరపడ్డాడు.

ఆ చూపు అతనితోపాటు ఇంటికి కూడా వచ్చింది. పాలలో నీళ్లెందుకు ఎక్కువయ్యాయి, ఫోన్లో అంతసేపు ఎవరితో, బిడ్డ కాలేజీ నుంచి ఆలస్యంగా ఎందుకొచ్చింది. మనవణ్ణి చూసుకోవడానికని ములుగులో బిడ్డ దగ్గరికి వెళ్లిన భార్య ప్రేమలత, ఆ పిల్లవాడు బడికి పోయే వయసొచ్చినా తిరిగి రాలేదు. కొట్లాటేమీ లేదు. ఫోన్ చేస్తే మంచిగానే మాట్లాడుతుంది. "నువ్వు గేటు కాడ మంచిగుంటవయ్యా. ఇంట్లనే నీతోని కష్టం" అంది ఒకసారి నవ్వుతూనే.

ఆ వారం మధ్యాహ్నం ఆట అరవ సినిమా. తెలుగులోకి మార్చింది ఇంకా రాలేదు. ఊళ్లో చదువుకునే తమిళ పిల్లలూ, బోర్లు వేసే బండ్ల మీద తమిళనాడు నుంచి వచ్చిన కూలీలూ చూస్తారని మేనేజర్ రాజేశ్వర్ రావు తెప్పించాడు. అన్నను చంపినవాళ్లను తమ్ముడు వెతికి వెతికి చంపే కథ. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఆ సంగతి తెలియడానికి సారంగపాణికి ఒక్క ఆట చాలింది.

సోమవారం ఆ సినిమా దొంగకాపీ ఫోన్లలోకి వచ్చేసింది. రాజేశ్వర్ రావు గదిలోకి పిలిచాడు.

"సారంగం, బొమ్మ లోపట కంటికి కనపడని గుర్తులుంటయట. ఏ హాల్ల తీసిండ్రో కంపెనీవోళ్లు పట్టేస్తరు. మనదే అని తేలిందనుకో, ఇగ మనకు సినిమాలియ్యరు. ఓనరు ఎప్పటిసంది ఫంక్షన్ హాల్ కడ్తనంటాండు, ఆయనకు సాకు దొరుకుతది. నువ్వు, నేను రోడ్డు మీద."

"ఒక్కొక్కని జేబులు చూస్త సార్."

"చూసినవ్ తియ్యి! మొన్న ఆ పిలగాని మీద చెయ్యేస్తే వాడు వీడియో పెట్టె, ఊరంత మనల్ని తిట్టె. ఎవ్వర్ని తడమకు. దొరికితే సామానుతోని దొరకాలె."

తడమకుండా దొంగను పట్టడం సారంగపాణికి కొత్త. అయినా మర్నాటికే ఒకణ్ణి కనిపెట్టాడు. ముసలాయన. గంజి లేని తెల్లచొక్కా, మడమల పైకి పోయిన ప్యాంటు, మాసిన గడ్డం. రోజూ ఒక్కడే వస్తాడు. మాట చూస్తే మన మనిషే, అరవం ముక్క రాదు. భాష రానివాడు అదే సినిమాకు రోజూ ఎందుకొస్తాడు?

తడమొద్దన్నారు గానీ, చీకట్లో చెయ్యి పట్టి దారి చూపితే తప్పుపట్టేవాళ్లెవరు? ముసలాయన రాగానే సారంగపాణి టార్చి వేసి, మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, తలుపు దగ్గర్నుంచి బాగా కనపడే గోడవారి సీట్లో తానే కూర్చోబెట్టసాగాడు. అలా పట్టుకుంటే చొక్కా చేతిలో ఏమైనా దాచాడో లేదో కూడా తెలిసిపోతుంది.

ఇవాళ గురువారం. రేపు సినిమా మారుతుంది. పట్టుకుంటే ఇవాళే పట్టుకోవాలి.

"దా పెద్దాయన. జర చూసుకో, మెట్టున్నది."

"నీకు పుణ్యముంటది తమ్మీ" అన్నాడు ముసలాయన. ఎండలో నడిచి వచ్చిన మనిషి చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

భయపడుతున్నాడు, అనుకున్నాడు సారంగపాణి.

సినిమా మొదలైంది. తెర మీద వెలుతురు పెరిగినప్పుడల్లా ముసలాయన చొక్కా జేబు పైన గుండ్రంగా, చిన్న గాజులాంటిదేదో తళుక్కుమంటోంది. అది తెర వైపే తిరిగి ఉన్నట్టు కనిపించింది. కెమెరానే, అనుకున్నాడు సారంగపాణి. వెంటనే వెళ్లి పట్టుకుందామని కాలు కదిపి ఆగాడు. ఇప్పుడే పోతే తీసింది తుడిచేసి, ఏమీ లేదంటాడు. ఆట మొత్తం కానివ్వాలి. సామానుతో దొరకాలి.

పగ సినిమా చూసేవాళ్లు ఊరికే కూర్చోరని అతనికి తెలుసు. కత్తి బయటికి వస్తే ముందుకు వంగుతారు. విలన్ నవ్వితే బూతులు తిడతారు. దెబ్బ పడ్డప్పుడు ముందు సీటును తంతారు. ఆ హాల్లో కూడా తమిళ పిల్లలు ఈలలు వేస్తున్నారు. బోరుబండి కూలీలు లేచి తువ్వాళ్లు తిప్పుతున్నారు. గోడవారి మనిషి మాత్రం కదలడం లేదు. బొమ్మ వణకకుండా ఉండాలనుకునేవాడే అలా కూర్చుంటాడు.

విరామంలో దీపాలు వెలిగాయి. జనం చాయ్‌కీ సిగరెట్లకూ బయటికి పోయారు. సారంగపాణి పోలేదు. ముసలాయన గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది.

'ఏం యాక్టింగ్ చేస్తాండు' అనుకున్నాడు సారంగపాణి. కాస్త మెచ్చుకున్నాడు కూడా.

మళ్లీ చీకటి పడింది. తెర మీద వాన. తమ్ముడు ఎవణ్ణో బురదలో ఈడ్చుకుపోతున్నాడు. అప్పుడు ముసలాయన కుడిచెయ్యి ఒళ్లోంచి మెల్లగా లేచింది. జేబు దాకా పోయి, అక్కడ చొక్కాను కాసేపు పిడికిట పట్టుకుని, జారి కిందపడింది.

బటన్ నొక్కిండు.

సారంగపాణి ఊపిరి వదిలి తలుపుకు ఆనుకున్నాడు. ఇక మిగిలింది నిలబడడమే. అది అతనికి చేతనైన పని. తెర మీద ఎవరు చచ్చారో చూడలేదు. ముసలాయన మీంచి కళ్లు తిప్పకుండా, తన జీవితంలో ఏ మనిషినీ చూడనంత సేపు, అతణ్ణి చూస్తూ నిలబడ్డాడు.

ఆట అయిపోయింది. బయటికొస్తున్న జనానికి ఎదురెళ్లి, వరుసలోకి దూరి, ముసలాయన భుజం పట్టి ఊపాడు.

"లే పెద్దాయన. దొరికినవ్ ఇగ."

జేబులో చెయ్యి పెట్టి ఆ గాజును బయటికి లాగాడు. చిన్న టార్చి. తన చేతిలో ఉన్నదాని కంటే చిన్నది. ముసలాయన తల గోడ మీంచి జారి, అతని ముంజేతి మీదికి ఒరిగింది. బరువుగా, చల్లగా ఉంది.

బోరుబండి కూలీలిద్దరు వెనక్కి తిరిగి చూసి, ఎవరూ పిలవకుండానే వచ్చి కాళ్లూ భుజాలూ పట్టారు. వరండాలో పడుకోబెట్టారు. అంబులెన్సులో వచ్చిన కుర్రాడు మెడ మీద వేళ్లు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎంతసేపాయె?" అన్నాడు సారంగపాణి.

"చానసేపే అయింది కాకా. పక్కన ఎవ్వరు లేకుండెనా?"

రాజేశ్వర్ రావు సారంగపాణి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "వీడియో?" అన్నాడు.

"టార్చి సార్."

మేనేజర్ ఒక్క క్షణం టార్చి వైపు చూసి, పోలీసులకు ఫోన్ చేయడానికి గదిలోకి వెళ్లాడు. అంబులెన్సు వాళ్లు ముసలాయనను దవాఖానకు తీసుకుపోయారు.

క్యాంటీన్ కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "రాయమల్లు తాత. మిర్చి గోదాం కాడ రాత్రి కావలి. ఆయన రూం రేకులదట. పగటిపూట పెనం మీద పండుకున్నట్టుంటదని, ఈడ సల్లగ పండుకోను వస్తుండె పాపం."

"అరవ సినిమాకే ఎందుకొచ్చిండు?" సారంగపాణి గొంతు ఇంకా గేటు దగ్గరి గొంతే.

"నేను గూడ అడిగిన అన్నా. తెలుగైతే మాటలు చెవుల పడి నిద్ర రాదట. ఇదైతే రేకుల మీద వాన పడ్డట్టు మంచిగ నిద్ర పడ్తదన్నడు."

సారంగపాణి చేతిలోని రెండు టార్చీలను చూసుకున్నాడు.

"నీ చాయ్ గూడ అట్లనే ఉండిపాయె" అంది కళావతి. "తాత లోపలికి పోయేముందే పైసలిచ్చి పోయిండు. 'ఆ గేటు తమ్మి రోజు చెయ్యి పట్టుకొని కూసోవెడ్తాండు, ఇంటర్వెల్ల ఆయనకొక చాయ్ పొయ్యి బిడ్డా' అన్నడు. పోసి పెట్టిన. నువ్వు బయటికే రాకపోతివి."

గేటు దగ్గర సాయంత్రం ఆటకు జనం చేరుతున్నారు. ఎవరో ఈల వేసి పిలిచారు. క్యాంటీన్ బల్ల మీద, బిస్కెట్ సీసాల పక్కన, కాగితం కప్పు నిండా చాయ్ ఉంది. దాని మీద మీగడ ముడత పడకుండా, చెదరకుండా, మందంగా కట్టి ఉంది.