వంటింట్లోకి వచ్చే పోటు

ఆ రోజు పోటు పదింటికి. సముద్రం వంటింట్లోకి వచ్చేలోగా కోడలు గ్యాస్ సిలిండర్‌ని స్టూలెక్కించాలి, బియ్యం డబ్బా అటకెక్కించాలి, చెప్పులు మేకుకి తగిలించాలి. రోజుకు రెండుసార్లు ఇదే చాకిరీ. పోనీ వేళకొస్తుందా అంటే, రోజూ ముప్పావుగంట ఆలస్యం.

మామగారు నలభై ఏళ్లు రేవులో కుర్చీ వేసుకుని, కొలబద్ద చూసి పోటు ఎంతొచ్చిందో రాసిన మనిషి. మూడేళ్ల కిందట ఆ పని మిషన్‌కి అప్పగించి ఆయన్ని ఇంటికి పంపారు. అప్పట్నుంచి రేవుకి వెళ్లాల్సిన పోటులో సగం తిన్నగా ఆయన దగ్గరికే వస్తోంది. రొయ్యలేమైనా వచ్చాయా అని పక్కింటావిడ గిన్నె పట్టుకుని మరీ వస్తుంది.

పై అంతస్తు క్వార్టర్ కోసం కోడలు రేవు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. "ఫారంలో కప్పు కారడం ఉంది గానీ పోటు రావడం లేదమ్మా. ఉత్సవం అయ్యాక చూద్దాం" అన్నాడు ఆఫీసరు. మొగుడేమో సర్దుకోమంటాడు. సర్దీ సర్దీ ఆమె నడుం పడిపోయింది.

ఉత్సవం రానే వచ్చింది. రేవు ఘనత చాటే పండగట, ప్రవేశం ఉచితమట, పాత ఉద్యోగులకు సన్మానమట. మామగారు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వారం నుంచి పిలుపు కోసం చూస్తున్నారు. పిలుపు లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని కోడలికి ఒళ్లు మండింది. ఆ మంట ఆయన మీదే చూపించింది.

"ఇంక ఆ యూనిఫాం విప్పండి మామయ్యగారూ. మీకోసం ఎవరూ రారు."

"పోటు వచ్చిందిగా" అన్నారాయన, పాదాలు నీళ్లలో పెట్టుకుని. "ఇవాళ రెండంగుళాలు ఎక్కువే."

అంతలో ఆఫీసరు ప్యాంటు మడుచుకుని నీళ్లలోనే లోపలికొచ్చాడు. ఉత్సవానికని తెప్పించిన తెరచాప ఓడ ఒడ్డు చేరకుండా బురదలో కూలబడిందట. జనమంతా ఎండలో నిలబడి చూస్తున్నారట.

"నీళ్లు చాలట్లేదమ్మా. పెద్దాయన్ని ఒక్కసారి పంపించు. క్వార్టర్ ఇప్పుడే రాసిస్తాను. మూడో అంతస్తు."

మూడేళ్లు తిప్పించుకున్నవాడు కాళ్ల బేరానికొచ్చాడు. ఆ క్వార్టర్ కోసం ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో. మామగారి వంక చూసింది. ఆయన సన్మానం ఊసే ఎత్తలేదు, అప్పటికే లేచి టోపీ సర్దుకుంటున్నారు. తను ఇందాక అన్న మాటకి ఆమెకి సిగ్గేసింది.

"క్వార్టర్ వద్దు" అంది. "ఆయన కుర్చీ ఆయనకివ్వండి. సంతకం పెట్టాకే ఆయన గడప దాటేది."

ఆఫీసరు ఆహ్వానపత్రిక వెనకాల రాసి సంతకం పెట్టాడు. మామగారు వీధిలోకి దిగారు. వంటింట్లో నీళ్లూ మంచం కింది నీళ్లూ ఆయన వెనకే గడప దాటాయి. కాసేపటికి రేవు వైపు నుంచి చప్పట్లు వినిపించాయి.

మర్నాడు ఆయన క్యారేజీ పట్టుకుని డ్యూటీకి వెళ్లారు. నేల పొడిగా ఉంది, సిలిండర్ నేల మీదే ఉంది. పావు తక్కువ పదకొండుకి కోడలు కూరగాయలు తరుగుతూ అలవాటుగా రెండు కాళ్లూ కుర్చీ మీదికి ఎత్తి పెట్టుకుంది. నీళ్లు రాలేదు. ఆమె కాళ్లు దించకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.