ఎర్మెస్ తపేలా

పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా నాది ఒకటే మాట. "హెల్మెట్ ఏదండీ?" మా ఇటాలియన్‌లో అంటాను, జర్మన్‌లో అంటాను, బస్సుల్లో వచ్చి దిగే పోలండ్ వాళ్ళ కోసం వాళ్ళ భాషలోనూ నేర్చుకున్నాను. కోల్ నేరో కొండ మీదికి వెళ్ళే కుర్చీ లిఫ్టుకు కింది గేటు దగ్గర నిలబడటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా కుర్చీ వచ్చి పిక్కలకు కొట్టకుండా పట్టుకుని జనాన్ని కూర్చోబెడుతున్నాను. ఈ చలికాలం నుంచి వాళ్ళ తలలు కూడా నేనే చూడాలట. ఇదివరకు పిల్లలకే ఉన్న చట్టాన్ని ఇప్పుడు తాతలకు కూడా పెట్టారు. హెల్మెట్ లేకుండా ఎవరూ స్కీ వాలు మీదికి వెళ్ళకూడదు.

ఎన్ని కథలు వింటున్నానో లెక్కలేదు. ఒకావిడ ముందురోజే జుట్టు చేయించుకుందట, నలిగిపోతుందట. ఒకాయన లాయరట, నా తల పగిలితే నొప్పి మీకా నాకా అని నిలదీశాడు. నాకేం తెలుసు నాయనా, నేను గేటు దగ్గర మనిషిని. సాయంత్రానికి తల ప్రాణం తోకకు వస్తోంది. ఇంటికి వెళ్ళి బూట్లు విప్పుకునే ఓపిక కూడా ఉండదు.

మా లోయలో హెల్మెట్‌ను ఎవరూ హెల్మెట్ అనరు. తపేలా అంటారు. తపేలా పెట్టుకున్నావా, నా తపేలా ఎక్కడ పడేశావు, ఇలాగే మాట్లాడుకుంటారు. బడిపిల్లలదీ అదే మాట. అది ఎక్కడ పుట్టిందో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్ళలో నా నోటితో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

దాన్ని పుట్టించింది మా అన్నయ్య తుల్లియో. ఇప్పుడు అతనికి డెబ్భై ఒకటో ఏడు. నలభై ఏళ్ళు స్కీ నేర్పాడు. ఈ లోయలో సగంమంది మొదటిసారి పడింది అతని ముందే. పెళ్ళి చేసుకోలేదు. పదవీ విరమణ రోజున లిఫ్టు కంపెనీ వాళ్ళు అతనికి బతికున్నన్నాళ్ళు చెల్లే పాసు ఒకటి మెడలో వేశారు. అప్పటినుంచి రోజూ మొదటి కుర్చీ అతనిదే. రెండుసార్లు దిగుతాడు, నా గదిలోకి వచ్చి ఫ్లాస్కులో కాఫీ సగం తాగేస్తాడు, ఇంటికి పోతాడు. ఆ రెండుసార్లు దిగడం లేకపోతే అన్నయ్యకు పొద్దున లేవడానికి కారణమే లేదు. ఆ పాసు పోతే మనిషి పోయినట్టే.

చట్టం వచ్చాక కూడా అన్నయ్య తన ఎర్ర ఉన్ని టోపీతోనే వచ్చాడు. మూడు వారాలు నేను చూడనట్టే నటించాను. డిసెంబరు ఆఖర్న పోలీసు అమ్మాయి మరీకా పట్టుకుంది. స్కీల మీద తిరుగుతూ వాలును కాపలా కాసే పిల్ల ఆమె, చెడ్డది కాదు, ఆమెకూ స్కీ నేర్పింది అన్నయ్యే. జరిమానా రాసింది. ఆ మర్నాడు కంపెనీ మేనేజరు నన్ను పిలిచి, ఇంకోసారి మీ అన్నయ్య హెల్మెట్ లేకుండా కనిపిస్తే పాసు వెనక్కి తీసేసుకుంటామని, ఈసారి గేటు తీసింది నేనైతే నా సంగతీ తేలుస్తామని నెమ్మదిగానే చెప్పాడు.

ఆ ఆదివారం అన్నయ్య ఇంట్లో బార్లీ సూప్ తాగుతూ విషయం ఎత్తాను. అన్నయ్య చెంచా కింద పెట్టలేదు. చెవులకు గాలి తగలకపోతే కింద మంచు ఎలాంటిదో తెలియదన్నాడు. ఐసు ఒకలా అరుస్తుంది, మెత్తటి మంచు ఒకలా ఊరుకుంటుంది, చెవులు మూసుకుని దిగడం కళ్ళు మూసుకుని దిగడంతో సమానం అన్నాడు. రోమ్‌లో కుర్చీల్లో కూర్చుని, మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడనివాళ్ళు నాకు చెప్తారా అన్నాడు. చివరికి నన్ను పేరు పెట్టి పిలిచి, "నలభై ఏళ్ళు ఈ తలతోనే దిగానే నీవెస్, ఇప్పుడు దానికి మూత కావాలా?" అన్నాడు. గిన్నెలు కడిగి వచ్చేశాను.

అవన్నీ అబద్ధాలని కాదు. కానీ అసలు సంగతి అది కాదని నాకూ తెలుసు, తనకూ తెలుసు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. మగవాడు స్కీ టీచరు అయితే ఇంట్లో ఆడవాళ్ళు అతనికి ఎర్ర టోపీ అల్లి ఇవ్వాలి. ఇక పని మానేసే రోజు దాకా అదే టోపీ. చిరిగితే అతుకు వేస్తారు తప్ప మార్చరు. మా అమ్మ అప్పటికే పోయింది కనుక అన్నయ్య టోపీ నేనే అల్లాను. తర్వాత కొన్నేళ్ళకు, అదే ఉన్ని ఉండల్లో మిగిలిన దానితో, నా మొగుడి టోపీ కూడా అల్లాను.

నా మొగుడు ఎర్మెస్. అన్నయ్య శిష్యుడు, తర్వాత తోటి టీచరు. ఒక ఏడాది సరిహద్దు అవతల ఏదో శిక్షణకు వెళ్ళి, తెల్ల హెల్మెట్ ఒకటి కొనుక్కుని వచ్చాడు. అప్పట్లో మా లోయలో పోటీల్లో దూకే కుర్రాళ్ళు తప్ప ఎవరూ పెట్టుకునేవాళ్ళు కాదు. టీచర్లలో ఒక్కడూ లేడు. ఎర్మెస్ ఒక వారం పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రం అందరూ బారులో చేరారు. అప్పుడు నేను ఆ బారులోనే పనిచేసేదాన్ని. అన్నయ్య ఎర్మెస్ తలమీదినుంచి హెల్మెట్ తీసి, కౌంటరు మీద బోర్లించి, వేలితో రెండుసార్లు కొట్టి, "ఇదేంట్రా బావా, తపేలా పెట్టుకుని తిరుగుతున్నావు? టోపీ అల్లిన మా చెల్లి చేతులు విరిగిపోయాయా?" అన్నాడు. బారంతా పగలబడి నవ్వింది. దాన్ని తిప్పి పెట్టారు. వైన్ పోశారు. పది పన్నెండు మంది ఒకరి తర్వాత ఒకరు అందులో తాగారు. ఎర్మెస్ కూడా తాగాడు, నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆదివారం నుంచి మళ్ళీ ఎర్ర టోపీతోనే వెళ్ళాడు. ఆరు వారాలకు, లార్చ్ చెట్ల మలుపు దగ్గర, ఎండ తగలని చోట స్కీ అంచు ఐసులో జారి, తల లిఫ్టు స్తంభానికి తగిలింది. జారుడు బండి మీద అతన్ని కిందికి తెచ్చింది అన్నయ్యే. టోపీ ఎరుపు కనుక నెత్తురు కనిపించలేదు. పడుకున్నాడనే అనుకున్నాను నేను.

హెల్మెట్ ఉంటే బతికేవాడా? డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. అన్నయ్యా అడగలేదు. ఆ శనివారం గురించి మా ఇద్దరి మధ్య ఇరవై నాలుగేళ్ళుగా ఒక్క మాట లేదు. నేను బారు పని మానేసి లిఫ్టు దగ్గర చేరాను. లోయలో ఒక్కొక్కరే హెల్మెట్లు కొనుక్కున్నారు, చివరికి టీచర్లందరూ కొనుక్కున్నారు. అన్నయ్య ఒక్కడే కొనలేదు. పెట్టుకుంటే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఇది అర్థం కావడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఆ సూప్ తాగిన మర్నాడే, జనవరి మొదటి సోమవారం, మరీకా గేటు దగ్గరే నిలబడి ఉండగా, అన్నయ్య ఎర్ర టోపీతో వచ్చాడు. నేను గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. వెనక ముప్ఫైమంది వరసలో ఉన్నారు.

"జరుగు," అన్నాడు.

"హెల్మెట్ ఏది అన్నయ్యా?"

"నా తల నాది. దానిమీద ఏముండాలో చెప్పడానికి నువ్వెవతివే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అలసట ఎక్కువైతే మనిషికి కోపం కూడా మెల్లగా వస్తుంది, అరుపు రాదు. "ఎర్మెస్ తల ఎవరిది మరి?" అన్నాను.

అంతే. అన్నయ్య నన్ను చూశాడు. స్కీలు విప్పి భుజాన వేసుకుని, వరసలో ఉన్నవాళ్ళను తప్పించుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మరీకా నేల చూపులు చూస్తోంది. నేను తర్వాతి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆ పూటంతా అదే ఆలోచన. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని అందరూ నా చెవులు చిల్లులు పడేలా చెప్తున్నారు. ఎర్మెస్ రోజుల్లో చట్టం లేదు. ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. అతను పెట్టుకున్నాడు కూడా, తన డబ్బుతో, తన ఇష్టంతో. అతని తలమీద ఏముండాలో రోమ్ చెప్పలేదు, పోలీసు చెప్పలేదు. మేం చెప్పాం. నవ్వి చెప్పాం. జరిమానా అయితే కట్టి ఊరుకునేవాడేమో, నవ్వుకు మాత్రం తట్టుకోలేకపోయాడు.

మంగళవారం అన్నయ్య రాలేదు. బుధవారం రాలేదు. గురువారం అతని ఇంటి మీదుగా వచ్చాను. స్కీలు గోడకు ఆనించి ఉన్నాయి, వాటిమీద కొత్త మంచు అలాగే ఉంది. తలుపు కొట్టలేదు. కొట్టి ఏం చెప్పను? నాకు బాధ లేదని కాదు. ఓపిక లేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు వరసలో మొదట నిలబడి ఉన్నాడు. తలమీద తెల్ల హెల్మెట్.

పాత మోడల్, పసుపు తిరిగిన తెలుపు, ఎడమ పక్క సరిహద్దు అవతలి దుకాణం వాళ్ళ చిన్న స్టిక్కరు, సగం చిరిగింది. దాన్ని సగం చింపింది నేనే. ఇంటికి తెచ్చిన రోజున గోరుతో గీకి, పూర్తిగా రాక వదిలేశాను.

మరీకా దగ్గరికి వచ్చింది. హెల్మెట్ ఒకసారి తీయమంది, లోపల చూసింది. ఆమె గొంతు చాలా మెత్తగా ఉంది. "మాస్టారూ, ఇది చెల్లదు. ఆమోద ముద్ర అరిగిపోయింది. లోపలి ఫోమ్ చూడండి, ముట్టుకుంటే పొడైపోతోంది. ఏమనుకోకండి," అంది.

అన్నయ్య వాదించలేదు. అదే నన్ను భయపెట్టింది. ఈ లోయలో గాలితో కూడా వాదించే మనిషి. హెల్మెట్ వెనక్కి తీసుకుని రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. నేను మీట నొక్కి లిఫ్టు ఆపాను. వెనకవాళ్ళు గొణిగారు. గొణుక్కోనీ.

"ఇది నీ దగ్గరెందుకుంది?" అన్నాను.

"బారు నుంచి ఆ రాత్రే కడిగి ఇచ్చేద్దామని ఇంటికి తీసుకెళ్ళాను. మరక పోలేదు. ఉప్పు పెట్టాను, సబ్బు పెట్టాను. మరకతో ఎలా ఇస్తాం, వాడు బాధపడతాడని ఆగాను. ఇవాళ, రేపు అనుకుంటూనే..." ఆగాడు. "వాడు అడిగాడే నీవెస్. చనిపోయే ముందు వారం, నా హెల్మెట్ నీ దగ్గర గానీ ఉందా బావా అని అడిగాడు. లేదన్నాను. మళ్ళీ పెట్టుకుంటాడేమో, మళ్ళీ నవ్వుతారేమోనని."

హెల్మెట్ లోపల చూశాను. బట్ట మీద, నుదురు తగిలే చోట, ఎండిపోయిన ఊదా రంగు మరక. ఇన్నేళ్ళుగా దీన్నంతా అన్నయ్య నెత్తిన పెట్టి నేను హాయిగా నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కాలేదు.

"వైన్ పోసింది నేను," అన్నాను. "కౌంటరు వెనక ఉన్నది నేనే. నిండా పోశాను. అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే. నేనల్లిన టోపీ వద్దన్నాడని నాకు ఉక్రోషం."

"తెలుసు."

"తెలుసా?"

"ఎదురుగా నేనే కదే ఉన్నాను."

"మరి ఇన్నేళ్ళు ఎవరితోనూ అనలేదేం?"

"నీకు మొగుడు పోయాడు. అది కూడా నీ నెత్తినే వెయ్యనా?"

మరీకా అటు తిరిగి నిలబడింది. గేటు పక్కన పెట్టెలో, మర్చిపోయి వచ్చినవాళ్ళకు ఇచ్చే కంపెనీ హెల్మెట్లు ఉంటాయి. ఆకుపచ్చవి, నంబర్లు వేసినవి, ఎవరెవరి చెమటో పట్టినవి. పద్నాలుగో నంబరుది తీశాను. అన్నయ్య జేబులోంచి ఎర్ర టోపీ తీసి, తెల్ల హెల్మెట్‌లో మడిచి పెట్టి, రెండూ కలిపి నా చేతికిచ్చాడు. వాటిని నా గదిలో కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టి వచ్చాను.

ఆకుపచ్చది అతని తలమీద పెట్టాను. అతను గడ్డం పైకెత్తాడు. పట్టీ బిగించాను. అన్నయ్య గడ్డం కింద చర్మం ఎంత వదులైపోయిందో అప్పుడే చూశాను.

"తపేలా బిగుతుగా ఉందా?" అని అడిగాను.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత నా నోటినుంచి ఆ మాట వచ్చింది. అన్నయ్య నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"కొంచెం," అన్నాడు.

పట్టీ ఒక మెట్టు వదులు చేశాను. మీట నొక్కాను. కుర్చీ వచ్చింది, పిక్కలకు కొట్టకుండా పట్టుకుని అన్నయ్యను కూర్చోబెట్టాను. కుర్చీ పైకి వెళ్ళిపోయింది. వరసలో తర్వాత ఒక కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, హెల్మెట్ చేతికి తగిలించుకుని, పెట్టుకోవడానికి మొహమాటపడుతూ పక్కనున్న స్నేహితుల వైపు చూస్తున్నాడు.

"పెట్టుకో నాయనా," అన్నాను. "ఎవరూ నవ్వరు. నేనున్నాను."